మెర్ల్ కట్టిన పట్టీ

మెర్ల్ స్టోవల్ బేకర్స్‌ఫీల్డ్ చుట్టుపక్కల పత్తి పొలాల్లో నీటి పంపులు బాగుచేసేవాడు. మరమ్మతు షెడ్డులో అతని పక్క బల్ల నాది. మెర్ల్ పెళ్లి చేసుకోలేదు. అమ్మానాన్నలు పోయాక తొమ్మిదేళ్ల తమ్ముడు డ్వైట్‌ని తనే సాకాడు. వాడికి వండిపెట్టిందీ, బడికి పంపిందీ, బాల్సా అనే తేలికపాటి చెక్కతో ఆటవిమానాలు చెయ్యడం నేర్పిందీ అతనే.

అవి తీగల విమానాలు. ఎగరేసేవాడి చేతిలో ఒక పిడి, దాన్నుంచి అరవై అడుగుల సన్నటి ఉక్కు తీగలు రెండు, వాటి చివర విమానం. అది చుట్టూ తిరుగుతుంటే మధ్యలో వాడూ తిరుగుతూ, పిడి వంచి దాన్ని ఎక్కిస్తాడు, దించుతాడు. ఏటా మే నెలలో టూసాన్‌లో జరిగే విమానాల పోటీలకి మేం ముగ్గురం మెర్ల్ ట్రక్కులో ఎడారి దాటి వెళ్లేవాళ్లం. చదును నేల కనిపించిన చోటల్లా ఆగి ఎగరేసేవాళ్లం. ఇంధనంలో కలిపిన ఆముదాన్ని ఇంజన్లు మా బట్టల మీద కక్కేవి. డ్వైట్ పెళ్లాం లొరెట్టా గుడ్డు శాండ్‌విచ్‌లు కట్టిస్తూ, "తిరిగొచ్చాక ఆ బట్టలు బయటే విప్పండి, లోపలికి రానివ్వను," అనేది.

ఒక ఏడాది పిడి జారి డ్వైట్ విమానం ఒకరి కారు అద్దం పగలగొట్టింది. అప్పట్నుంచీ మెర్ల్ తోలుపట్టీ కుట్టి, పిడిని తమ్ముడి మణికట్టుకి తనే కట్టేవాడు.

"నేనేమన్నా పాలుతాగే పిల్లాణ్ణా అన్నా?"

"వాళ్లు నీకంటే నయం. చెయ్యి ఇటివ్వు."

అది పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం. రెండోరోజు పొద్దున నీడిల్స్ ఊరు దాటాక తెల్లగా ఎండిపోయిన నేల కనిపించింది. దూరంగా ఒక పక్క కరెంటు స్తంభాలు. మెర్ల్ దిగి అడుగులేసి కొలిచాడు. "మధ్యనుంచి కరెంటు తీగలదాకా వంద అడుగులుంది. చాలు," అన్నాడు.

విమానం పట్టుకుని నిలబడింది నేను. డ్వైట్ తలూపాడు, వదిలాను. రెండు నిమిషాలు హాయిగా ఎగిరింది. తరవాత గాలి లేచింది. విమానం లోపలికి కొట్టుకొచ్చి తీగలు వదులయ్యాయి. అలాంటప్పుడు వెనక్కి నడిచి తీగలు బిగించుకోవాలి, లేకపోతే అది కూలిపోతుంది. డ్వైట్ స్తంభాలవైపు వెనక్కి నడిచాడు. పది అంగలు. ఇంకో పది. కళ్లు విమానం మీదే. నవ్వుతున్నాడు.

"చూడన్నా, నాతో దాగుడుమూతలాడుతోంది!"

మెర్ల్ స్తంభాలకేసి చూశాడు.

"వదిలెయ్! పిడి వదిలెయ్‌రా!"

వాడు విన్నాడు. వేళ్లు విప్పడం నేను చూశాను. పిడి మాత్రం మణికట్టుకే వేలాడింది. విమానం తిరిగొచ్చి కరెంటు తీగల మీదుగా పోయింది, ఉక్కు తీగలు వాటికి తగిలాయి. డ్వైట్ ఉన్నచోటే పడిపోయాడు.

మెర్ల్ పరిగెత్తబోతే నడుం పట్టుకుని ఆపాను. ఉక్కు తీగలింకా పైన కరెంటు తీగలకి ఆనుకునే ఉన్నాయి. నా మూతి మీద గుద్దాడు, ముందుపన్ను విరిగింది. అయినా వదల్లేదు. ఆ సంగతి మేమిద్దరం మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

డ్వైట్ పోయిన సంగతి లొరెట్టాకి మెర్ల్ తనే వెళ్లి చెప్పాడు. నేను గుమ్మం బయట ఉన్నాను.

"ఆ చోటు ఎంచింది ఎవరు?"

"నేనే."

"పట్టీ?"

"నేనే కట్టాను."

ఆమె తలుపు వేసేసింది.

మెర్ల్ మళ్లీ పిడి పట్టుకోలేదు. కానీ ఏటా మే నెలలో అదే దారిన బయల్దేరేవాడు. ఎవరు ఎగరేస్తున్నా ట్రక్కు ఆపి, దగ్గర్లో ఉన్న స్తంభాలదాకా అడుగులు కొలిచి, జరిగింది చెప్పేవాడు. కొందరు చోటు మార్చుకునేవాళ్లు. కొందరు, "వచ్చాడయ్యా స్తంభాలాయన," అని నవ్వేవాళ్లు. పట్టీ కట్టుకోవద్దని మాత్రం ఎవరికీ చెప్పలేదు. "పట్టీ మంచిదే. చోటే చెడ్డది," అనేవాడు.

డ్వైట్ పోయిన ఏడేళ్లకి లొరెట్టా షెడ్డుకొచ్చింది. "నన్ను అక్కడికి తీసుకెళ్లు," అంది మెర్ల్‌తో. ట్రక్కు నేను నడిపాను.

అక్కడ దిగాక అడిగింది, "చివరగా డ్వైట్ ఏమన్నాడు?"

మెర్ల్ చెప్పాడు.

"నవ్వుతున్నాడా?"

"నవ్వుతున్నాడు."

ఆమె నేలమీద కూర్చుంది. "నిన్ను క్షమిద్దామని చూశాను మెర్ల్. నావల్ల కాలేదు," అంది.

"ఫరవాలేదు. నేనది అడగను."

"డ్వైట్ నీ దగ్గర పెరిగాడు. నాకు దక్కింది మూడేళ్లే. నీ దగ్గరున్న జ్ఞాపకాలు నాకు చెప్పు."

తిరుగుదారిలో మెర్ల్ చెబుతూనే ఉన్నాడు. డ్వైట్ చిన్నప్పుడు పొయ్యి మీద జిగురు మరగబెట్టి పరదా తగలెట్టుకోవడం, చచ్చిన కుక్కకి గొయ్యి తవ్వుతూ మధ్యలోనే నిద్రపోవడం. ఒకచోట ఆమె పగలబడి నవ్వింది, వెంటనే చేత్తో నోరు మూసుకుంది. బేకర్స్‌ఫీల్డ్ చేరాక దిగి, వెనక్కి చూడకుండా ఇంట్లోకి వెళ్లింది. మరుసటేడు ఫ్రెస్నోలో మళ్లీ పెళ్లి చేసుకుంది. మెర్ల్‌కి ఒక్క ఉత్తరం కూడా రాయలేదు.

మెర్ల్ పంతొమ్మిది వందల తొంభై ఒకటిలో షెడ్డులోనే పోయాడు. గుండెపోటు. లొరెట్టా నంబరు వెతికి ఫోన్ చేశాను. మెర్ల్ పోయాడని చెప్పాను.

"పోయేటప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా?" అంది.

"నేనున్నాను."

"సరే," అని ఫోన్ పెట్టేసింది.