పొన్నమ్మ తీసుకున్న వంతు

పొన్నమ్మ నోటికి వేలూరు పక్కన బాగాయంలో మా వీధి వీధంతా జంకుతుంది. కూరగాయల బండివాడు వీధి మొదట్లో గొంతు చించుకుని, ఆమె గుమ్మం ముందు పిల్లిలా దాటుకుని, అవతలి ఇంటి దగ్గర మళ్లీ అందుకుంటాడు. ఎదురింటిదాన్ని కాబట్టి ఆ నోటి ధాటి నేను రోజూ వింటాను. ఒక్కరోజు వినకపోతే నాకు పొద్దుపోదు, అది వేరే సంగతి.

పుట్టింది పరదరామి దగ్గర పల్లెలో. ఇటుకా ఇసుకా మోసుకుని బతికే తెలుగువాళ్లు. పెళ్లయిన కొత్తలో మొగుడు ఏసయ్యను నమ్ముకుంటే తనూ నమ్ముకుంది. మొగుడు తొందరగానే పోయాడు గాని నమ్మకం పోలేదు. చదువు రాదు. కోడలు సుమిత అరవ బైబిలు చదివిపెడితే వింటుంది, ప్రార్థన మాత్రం తెలుగులోనే చేస్తుంది. చర్చిలో ఒక పెద్దావిడ, "అందరికీ అర్థమయ్యేలా అరవంలో చేయరాదా?" అంటే, "దేవునికి అరవం వస్తాదిలేమ్మా. నా ఏడుపుకే రాదు" అంది. ఆవిడ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆ ఏడుపు పేరు కార్తి. ఒక్కగానొక్క కొడుకు, మంచి మేస్త్రీ, మహా తాగుబోతు. చర్చిలో సాక్ష్యం చెప్పడంలో వాణ్ణి మించినవాడు లేడు. "ప్రభువు నన్ను తాగుడు నుంచి విడిపించినాడు" అని కన్నీళ్లు పెట్టుకునేవాడు. అందరూ హల్లెలూయా అనేవాళ్లు. వారం తిరక్కుండానే సుమిత వాణ్ణి రోడ్డు మీంచి లేపుకొచ్చేది. మళ్లీ సాక్ష్యం, మళ్లీ హల్లెలూయా. ఆ హల్లెలూయాలు విని విని నాకు ఒళ్లు మండిపోయేది.

మా వైపు ఇంటికి మిద్దె పోసిన రోజున, కాంక్రీటు పని ముగిశాక, పనివాళ్లందరికీ యజమాని బిర్యానీ పెడతాడు. మగవాళ్లకు తలా ఒక క్వార్టర్ సీసా ఇస్తాడు. అది కూలి కాదు, మర్యాద. వద్దంటే కొత్త ఇంటికి అరిష్టమని యజమాని మొహం మాడ్చుకుంటాడు. అందుకని తాగనివాడు కూడా తన వంతు పుచ్చుకుని పక్కవాడి చేతిలో పెడతాడు. దాన్నీ మర్యాదే అంటారు. అలాంటి ఒక రోజున కార్తి తన వంతుతో పాటు ఇంకొకరి వంతు కూడా తాగి, కట్టెల సారం, అదే పరంజా, మీంచి కింద పడి చనిపోయాడు.

సమాధి దగ్గర పొన్నమ్మ కంట తడి లేదు. ఎన్నాళ్లకో వాడి గుడియాత్తం లుంగీ ఒకటి ఉతికి, మడత పెట్టబోయి, దాంట్లో మొహం దాచుకుని ఏడ్చింది. వీధి ఇవతల నుంచి చూస్తున్నాను, పోయి పట్టుకునే ధైర్యం నాకు లేకపోయింది.

సుమిత పుట్టింటికి పోలేదు. "నేను పోతే ఈ నోటిని ఎవరు భరిస్తారక్కా" అని నవ్వేది. వేలూరులో పెద్దాసుపత్రి దారిలో, పొరుగూళ్ల నుంచి వచ్చే రోగుల తాలూకు మనుషుల కోసం ఇడ్లీ బండి పెట్టుకుంది. అత్త పిండి రుబ్బేది, కోడలు అమ్మేది. అక్కడికి వచ్చి చేరాడు సెల్వకుమార్.

వాడు కార్తితో పనిచేసిన మేస్త్రీ, కార్తితోనే తాగినవాడు. కార్తి పోయాక మరీ మితిమీరి తాగాడు. చివరికి ఇక్కడే తాగుడు మాన్పించే చోట చేరి, ఎముకల గూడై బయటికొచ్చాడు. పని దొరికే దాకా సుమిత బండి దగ్గర నీళ్లు మోసిపెట్టేవాడు. వీళ్ల మధ్య ప్రేమ ఎప్పుడు పుట్టిందో పాస్టరయ్యకు తెలియదేమో గాని నాకు తెలుసు. అందరికీ ఒక గరిటె చట్నీ వేసే పిల్ల వాడి ఆకులో రెండో గరిటె వేసింది. నా కళ్లతో చూశాను.

మళ్లీ పెళ్లి చేసుకోమని సుమితను పోరినది పొన్నమ్మే. కాని సెల్వకుమార్ పేరు వినగానే ఆమెకు కార్తి గుర్తొచ్చాడు. సరేనంది, నిద్ర మాత్రం పోలేదు. నా దగ్గర కూర్చుని, "వాడు ఏసయ్యను నమ్ముకున్నాడు, సరే. కార్తీ నమ్ముకున్నట్టే చెప్పినాడు గదమ్మా. ఆ పిల్లను నా చేత్తో ఇంకో తాగుబోతుకిచ్చి, మళ్లీ బొట్టు పోగొడితే, నేను ఏ మొహం పెట్టుకుని చచ్చేది?" అంది. బొట్టు పెట్టుకోని చర్చి మనిషే, అయినా ఆ మాటే వచ్చింది ఆమె నోట.

చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. దాన్ని ఓలె అంటారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అప్పుడే లేచి చెప్పాలి. రెండు ఆదివారాలు అయిపోయాయి. మూడో ఓలెకు ముందు శనివారం, గుడియాత్తంలో సురేంద్రన్ అనే ఆయన ఇంటికి సెల్వకుమార్ మిద్దె పోయబోతున్నాడని తెలిసింది. శుక్రవారం సాయంత్రం పొన్నమ్మ నా దగ్గరికొచ్చి మా ఆయన పాత చొక్కా ఒకటి ఇమ్మంది.

"దేనికి?"

"చిత్తాళు పనికి పోతా ఉండా."

కట్టడం పనిలో ఆడకూలీని చిత్తాళు అంటారు. చీర మీద మగవాడి చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుంటే మొగుడు కూడా గుర్తుపట్టడు. "ఈ వయసులో నడుము విరగ్గొట్టుకుంటావా?" అంటే, "వాడు సీసా ముట్టినాడంటే ఆదివారం చర్చిలో లేచి నిలబడతా. ముట్టలేదంటే కూర్చుంటా. నడుముదేముంది, ఎప్పుడో విరిగింది" అని, సుమితకు పరదరామి పోతున్నానని చెప్పి, శనివారం తెల్లవారుజామునే బస్సెక్కింది.

ఆ తర్వాతి కథ సుమిత నాకు చెప్పింది, సుమితకు సెల్వకుమార్ చెప్పాడు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను. ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను.

ఆమె వరుసలో నిలబడి కాంక్రీటు బాండ్లీలు పైకి అందించింది. సెల్వకుమార్ పైన పలకతో చదును చేస్తూ ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. పని ముగిసింది. బిర్యానీ తిన్నారు. సురేంద్రన్ సంచీ విప్పి ఒక్కొక్కరినీ పిలిచాడు. సెల్వకుమార్ పోయి, రెండు చేతులా సీసా పుచ్చుకుని, నడుమున దోపుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా సారం ఎక్కిపోయాడు. పొన్నమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

పచ్చి మిద్దె మీదికి తెల్లారే దాకా ఎవరూ పోరు. వాడు ఆ చివర గోడ అంచున కూర్చుని ఉన్నాడు, సీసా ముందు పెట్టుకుని. పొన్నమ్మ నిచ్చెన ఎక్కింది. చూసింది. పుట్టినప్పటి నుంచీ కట్టడాల్లో బతికిన మనిషి ఆ కోపంలో అన్నీ మరిచిపోయి, పచ్చి కాంక్రీటులో సర్రున కాలు పెట్టింది.

"అమ్మా! కాలు తియ్యి! మిద్దె!" అని అరిచాడు సెల్వకుమార్. అరిచాకే తువ్వాలు కింద ఉన్నది ఎవరో తెలిసింది. సీసా అక్కడే వదిలేసి, పలక తీసుకుని, సారం మీంచి చుట్టూ తిరిగి వచ్చాడు. అడ్డంగా చెక్క వేసుకుని, దాని మీద మోకరించి, ఆమె అడుగు గుంటను పూడ్చి రుద్దడం మొదలుపెట్టాడు.

"తాగినావా?"

"లేదమ్మా. మూత తియ్యలే. పోయి చూసుకో."

"మరి యాడికి తీసుకుపోతా ఉండావు దాన్ని?"

"ఎవురూ రాని చోటని ఇక్కడికి వచ్చినా. చీకటి పడినాక పారబోస్తా. ప్రతి మిద్దెకీ ఇంతే."

"పక్కోడికి ఇచ్చేస్తే పోలేదా?"

వాడు రుద్దడం ఆపలేదు. తల కూడా ఎత్తలేదు. "ఒకసారి ఇచ్చినా గదమ్మా. ఆ పొద్దు నాకు కడుపునొప్పి. నా వంతు కార్తికి ఇచ్చినా. అది తాగే పైకి ఎక్కినాడు. సుమితకు కూడా చెప్పలే. అప్పుటి నుంచి నా వంతు ఎవురికీ ఇయ్యలేదు. పెట్టుకుని కూర్చుంటా. తాగాలనే ఉంటాదమ్మా. ఇప్పుడూ ఉండాది. ఏసయ్యా ఏసయ్యా అనుకుంటా కూర్చుంటా."

పొన్నమ్మ నిచ్చెన మీదే కూలబడింది. కొడుకు చేతిలో ఆ రెండో సీసా ఎవరు పెట్టారో తెలియక, కనబడిన ప్రతి మేస్త్రీనీ మనసులో శపిస్తూ వచ్చిన మనిషి. ఆ పెట్టిన చెయ్యి ఇప్పుడు ఆమె కళ్ల ముందే ఆమె కాలి గుర్తును చదును చేస్తోంది. చాలాసేపు ఏడ్చింది. వాడూ ఏడ్చాడు. పని మాత్రం ఆపలేదు.

చివరికి ఆమె ముక్కు చీదుకుని అంది. "కార్తి ఎప్పుడడిగినా వదిలేసినా అనేవాడు. తాగాలని ఉండాదని ఒక్కసారన్నా చెప్పలేదు నా బిడ్డ. చెప్పింటే పట్టుకుని ఉందును. నువ్వు చెప్పినావు."

"అమ్మా..."

"ఆ పొద్దు వానికిచ్చినావు. ఈ పొద్దు నాకియ్యి."

వాడు తెచ్చిచ్చిన సీసాను చొక్కా లోపల దోపుకుని ఆమె నిచ్చెన దిగింది. చొక్కా కింద ఉబ్బెత్తుగా కనబడుతుంటే చూసి కూలీలు మోచేతులతో పొడుచుకున్నారు. ఇంటికొచ్చి గుమ్మం పక్కన అంట్లు తోమే చోట పారబోసింది. ఆ వాసనకి నేను వీధి దాటి పోయి తొంగిచూస్తే, "ఏం, నీకూ కావల్నా?" అంది.

సెల్వకుమార్ ఆ రాత్రే వచ్చి, కార్తి సంగతి సుమితకు తన నోటితోనే చెప్పుకున్నాడు. ఆమె తెల్లారే దాకా ఏడ్చింది. తెల్లారాక, చర్చికి పోయే చీర అత్త చేత ఇస్త్రీ చేయించుకుంది.

పాస్టరయ్య మూడో ఓలె చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అని ఆగాడు. తలలన్నీ పొన్నమ్మ వైపు తిరిగాయి. "నన్నేమి చూస్తారు? చదవండయ్యా, పిల్లకి ఇడ్లీ పిండి పులిసిపోతాది!" అంది.

పెళ్లయిపోయింది. సుఖంగా ఉన్నారు. కాని సెల్వకుమార్ ఏ ఊళ్లో మిద్దె పోసినా, గుడియాత్తమైనా కావేరిపాక్కమైనా, మా ఆయన చొక్కా తొడుక్కుని పొన్నమ్మ కూడా పోతుంది. యజమాని వాడి పేరు పిలవగానే ఆమె చెయ్యి చాపుతుంది. "వాని వంతు నాది." మర్యాదా చెడలేదు, మనిషీ చెడలేదు. చెడింది ఆమె పేరు ఒక్కటే. ముసలిదానికి ఈ వయసులో క్వార్టర్ అలవాటైందని కూలీలు చెప్పుకున్నారు, కూలీల నుంచి వీధికి, వీధి నుంచి చర్చికి పాకింది. సెల్వకుమార్ నిజం చెప్పేస్తానంటే ఒప్పుకోలేదు. "నువ్వు నోరు తెరిస్తే నిన్ను లేపి సాక్ష్యం చెప్పమంటారు. హల్లెలూయా అంటారు. ఆ హల్లెలూయాలకే నా కొడుకు పోయినాడు. గమ్మునుండు."

మొన్న పాస్టరయ్య సంఘపెద్దలిద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నేనూ పోయాను, నోరు నొక్కుకుని. ఎవరికీ లొంగని పొన్నమ్మ తలమీద కొంగు కప్పుకుని మోకరించింది. ఆయన ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, "ప్రభువా, తాగుడు అనే ఈ బంధకం నుంచి నీ బిడ్డను విడిపించు" అని గట్టిగా ప్రార్థించాడు. కళ్లు మూసుకునే ఆమె పక్కకు తడిమి, ఏడుస్తూ నిలబడిన సెల్వకుమార్ చెయ్యి పట్టుకుంది. అందరికంటే పెద్దగా ఆమెన్ అంది.