శ్రీధరన్న వంచిన పిన్నులు

దేశం కాని దేశంలో, హౌగాంగ్‌లో నాతో ఒకే ఫ్లాట్‌లో ఉండే శ్రీధరన్న సైన్స్ పార్క్‌లో ఐటీ ఇంజనీరు. నేను షిప్‌యార్డులో వెల్డర్ని. కంప్యూటర్ల పని సొంతంగా నేర్చుకున్నాను. అన్న తన గేమింగ్ పీసీకి కొత్త ప్రాసెసర్ కొంటానంటే, పాత మదర్‌బోర్డులో ఇప్పుడున్న ప్రాసెసర్ కంపెనీదే పడుతుంది, పోటీ కంపెనీది కూర్చోదని పోయిన వారమే చెప్పాను.

“బీటెక్ చదివింది నువ్వా నేనా, తమ్మీ?” అన్నాడు.

ఈ రోజు ఆ పోటీ కంపెనీదే తెచ్చాడు. పట్టకపోతే బొటనవేలితో నొక్కి దాని అడుగునున్న సన్నటి పిన్నులు వంచేసి, సరిచేయమని నన్నే పిలిచాడు. నేను సూదితో ఒక్కో పిన్నూ లేపుతుంటే పక్కనే నిలబడి ఫోన్‌లో వదినకు చెబుతున్నాడు: “మన వెల్డర్ తమ్ముడు పెట్టబోయి వంచిండు. సదువుకోలే గదా పాపం, ఏమనలేక ఊకున్న.”

సూది అక్కడే పెట్టి లేచి వచ్చేశాను. సగం పిన్నులు ఇంకా వంగే ఉన్నాయి. మీరైతే మిగతావి కూడా సరిచేసేవాళ్లా?