తగ్గింపు మీద ప్రసంగం, ట్రాక్టరు మీద ప్రయాణం

నిన్న నేను తొవ్వల ఏం జేసిన్నో వింటే ఇంకోసారి నాకు ఎవ్వరు మైకు ఇయ్యరు. అయినా చెప్త, వినుండ్రి.

మానుకోట చర్చిల స్త్రీల కూడిక. జనగామోళ్లు, భూపాలపల్లోళ్లు ముందురోజే వచ్చి దిగిండ్రు. గంతమంది ముందట మాట్లాడే చాన్స్ నాకు ఇదే మొదటిది. ఇంటర్ సగంల ఆపి, దొరికిన పుస్తకమల్లా సొంతంగ చదువుకున్నదాన్ని. "గీ పిల్లకేం తెలుస్తది?" అనేటోళ్లకు చూపిస్త అనుకున్న. సబ్జెక్టేమో తగ్గింపు! ఎదుటోళ్లను ముందట పెట్టి మనం వెనుక నిలబడుడు.

వారం నుంచి ప్రాక్టీసు. నల్లా కాడ నా బిందె వెనుకకు జరిపిన. ఇంట్ల అందరు తిన్నంకనే తిన్న. మా అమ్మ "ఏందే, పాణం మంచిగ లేదా?" అని నుదురు వట్టి చూసింది. తగ్గింపుల నన్ను మించినోళ్లు ఉండొద్దని నా పట్టుదల!

పొద్దుగాల కురవిల రోడ్డెక్కినం, నేనూ ఎస్తేరక్క. అక్క మా సంఘంల పెద్దామె. నాకు ఈ చాన్స్ ఇప్పిచ్చింది గూడ ఆమెనే. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్నది, బస్సులు బంద్. చానాసేపటికి ఒక జీపొచ్చింది.

"ఒక్కరే పడ్తరు, జల్ది!" అన్నడు డ్రైవరు.

"అక్కా, నువ్వెక్కు."

"నువ్వెక్కు బిడ్డా, మాట్లాడేది నువ్వాయె."

"లే అక్కా, పెద్దదానివి. ముందు నువ్వే."

"అరె, ఎక్కరాదే!"

"నువ్వెక్కితేనే నాకు తృప్తి!"

లోపల కూసున్న ఒకాయన తల బయటవెట్టి, "అమ్మా, ఊరూర రాస్తారోకోలు దాటుకుంట వచ్చినం. మీ ఇద్దరిది దాటుడే కష్టమున్నది!" అన్నడు. అందరు నవ్విండ్రు. గంతల కోడిపుంజును సంకన వెట్టుకున్న పెద్దమనిషి మా నడుమల నుంచి దూరి కూసున్నడు. జీపు పాయె!

ఎండ ముదురుతున్నది. అక్కడ మీటింగ్ షురూ అయితదని నాకు ఒకటే పరేషాన్. అప్పుడొచ్చింది ట్రాక్టరు. రోడ్డు మీదనే వండుకొని తినే నిరసనకు, వంటావార్పుకు, మానుకోట పోతున్నరు. డేగిసలు, బియ్యం బస్తాలు, నినాదాలు. జర నిమ్మలం చేసి, "ఎక్కుతె ఎక్కుండ్రి, ఆగేది లేదు!" అన్నరు.

అంతే! వారం ప్రాక్టీసు యాడ వోయిందో! చున్నీ నడుముకు చుట్టి ఉరికిన. అక్క అప్పటికే ఒక కాలు పైన వెట్టింది. "జరుగక్కా!" అని ఆమెను పక్కకు నూకి, ఎగిరి బస్తాల మీద వడ్డ. తిరిగి చూస్తే అక్క రోడ్డు మీద, ఆమె చెప్పు ఒకటి నా పక్కన!

"ఆపుండ్రి!" అని చెయ్యెత్తి మొత్తుకున్న.

"జై తెలంగాణ!" అన్నరు అందరు. నేను గూడ నినాదమిస్తున్ననుకున్నరు.

టైముకు అందిన. అక్క చెప్పును సంచిల దాచి మైకు వట్టిన. ఏం చెప్పాలె, నా మాటలకు నాకే ఏడుపొచ్చేటంత మంచిగ మాట్లాడిన! "అక్కలారా, పక్కోళ్లను ముందుకు పంపుడే ప్రేమ..." అంటున్న. గుమ్మం కాడ ఎస్తేరక్క! ఉద్యమంల ఉన్న తమ్ముడెవరో బండి మీద దింపిండట. ఉన్న ఒక్క చెప్పు బయట విడిచి లోపలికి వచ్చింది.

అక్క ఒక్క మాట అంటే నా పని ఖతం.

"ఏమైందక్కా, గింత లేటు?" అని అడిగిండ్రు.

"ఏం లే, బండి దొరకలే" అని ఆమె ఆఖరి వరుసల కింద కూసున్నది. ప్రసంగం మరిచి నేనింకా నోరు తెరిచే ఉన్న. అక్క నా దిక్కు చూసి, ప్రేమగ అన్నది:

"చెప్పు బిడ్డా, చెప్పు."

నాకు ఇంకేం తోచలే. సంచిల చెయ్యి వెట్టి, తీసి, అందరి ముందట పైకి లేపిన. "ఇగో అక్కా!"

అందరి చెప్పులు బయట, ఒక్క చెప్పు మైకు కాడ.

"ఓసి పిచ్చిదానా, మాట్లాడుమన్ననే!" అని అక్క కడుపు వట్టుకొని నవ్వింది. ఆ నవ్వుకు నా కథంతా నేనే చెప్పుకోక తప్పలే. చెప్పు వట్టుకొని వరుసల నడుమ నుంచి నడిచిపోయి ఆమె కాళ్ల కాడ కూలబడ్డ.

తగ్గింపు గురించి గంటసేపు మాట్లాడిన. కూడికకొచ్చినోళ్లందరికి యాదికున్న పాయింటు మాత్రం గా చెప్పొక్కటేనట!