సీసా మెడలో నారింజ వలయం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: తూచి వేసింది ఏదీ తప్పదని. చారులో ఉప్పు కూడా చెంచాలు లెక్కపెట్టి వేసేదాన్ని (రుచి సంగతి మా వాళ్లనడగాలి). అలాంటి నాకు తొంభై నాలుగులో, ముప్పై రెండేళ్లు నిండాక, మొదటి ఉద్యోగం దొరికింది. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క రేకుల షెడ్డు, పిల్లల కోసం పానీయాలు తయారుచేసే చిన్న కంపెనీ, అందులో ల్యాబు పని. ఆరు నెలలు చూసి ఉంచుకోవాలో పంపేయాలో చెబుతామన్నారు.

పని ఒక్కటే, క్యారెట్ సారాన్ని నీళ్లలో కలపడం. కంటికి మంచిదే గాని అది నూనెలో తప్ప నీళ్లలో కరగదు. ఎంత కలిపినా తెల్లారేసరికి సీసా మెడలో నారింజ రంగు వలయం కట్టేది. మా మేనేజరు గోదావరి మనిషి. మాటకోసారి "ఆయ్" అంటారని చాటుగా ఆయ్‌గారు అనుకునేవాళ్లం. ఆయన బొంబాయి నుంచి ప్రత్యేకమైన స్టార్చి పొడి తెప్పించారు. మామూలు గంజిపొడికే రసాయనంతో కొత్త గుణం అంటిస్తారట. ఒక చేత్తో నూనెబొట్టునీ, మరో చేత్తో నీళ్లనీ పట్టుకుని రెంటినీ విడిపోనివ్వదట. నా దగ్గర మాత్రం పట్టుకోలేదు. పదిహేడు తూకాల్లో, గాజుకడ్డీతో మర్యాదగా తిప్పాను. పదిహేడు వలయాలు వచ్చాయి.

"శుక్రవారం క్యాంటీన్ల కాంట్రాక్టరు గారు రుచి చూడ్డానికొస్తున్నారు. అప్పటికీ వలయం ఉంటే నిన్ను ఉంచుకోవడం నా చేతుల్లో లేదమ్మాయ్" అన్నారాయన.

షెడ్డు కడిగి గిన్నెలు తోమే అప్పది జాలరిపేట. "ఏటమ్మా ఆ తెల్లపొడి?" అనడిగింది. వివరించే ఓపిక లేక "గంజిపొడి లాంటిదే అప్పా" అన్నాను.

శుక్రవారం నా తెల్లకోటు తొడుక్కున్న గంటకే, విశాఖ ఉక్కకి అది ఒంటికి జిగురులా అతుక్కుపోయింది.

"నానే గంజెట్టీసినానమ్మా. పెద్దోలొస్తన్నారు గదా, నలిగిపోయిన కోటేటి బాగుంటాది?" అంది అప్ప.

మిగిలిన బొంబాయి పొడంతా కోటుకే! నిర్ఘాంతపోయి వెనక్కి జరిగితే మోచెయ్యి తగిలి క్యారెట్ నూనె సీసా కోటు మీదే ఒలికింది. "ఇలాగియ్యి, సిటికెలో ఉతికీసి ఇత్తాను" అంటూ అప్ప స్టీలు గిన్నెలో మంచినీళ్లు పోసి, వలలు లాగిన చేతులతో కోటుని నలిపి, పిసికి, బాది, ఆరెయ్యడానికి బయటికి పట్టుకెళ్లింది. నేను పక్కగదిలో వలయాల సీసాలు ఏరుకుని, క్షమాపణ వల్లెవేసుకుంటూ కాసేపటికి ముందుగదికి నడిచాను.

అక్కడ కాంట్రాక్టరు గారి చేతిలో గ్లాసు. గ్లాసు నిండా ఎక్కడా వలయం లేని, చిక్కని నారింజ రంగు.

"దాచుకున్నావా అమ్మాయ్! వెనక గిన్నెలో ఎంత చక్కగా కలిసిందో. పంచదార నేనే వేశాను" అన్నారు ఆయ్‌గారు, మురిసిపోతూ.

కాంట్రాక్టరు గారు తాగి, పెదాలు చప్పరించారు. "బాగుందండీ. కాస్త ఉప్పగా ఉంది, అదే అందం. ఇంకో గ్లాసు పొయ్యండి."

"అది కోటండీ" అన్నాను.

"ఏ కోటు?"

"నాది."

ఆయన కారు విసురుగా వెళ్లిపోయింది. ముందుగా అప్పే అందుకుంది: "పాపనేటి అనకండి బాబూ. ఎట్టింది నాను, ఉతికింది నాను."

"నువ్వు నోరు మూసుకునుంటే ఆర్డరు వచ్చేది గదా అమ్మాయ్?"

"వచ్చేదండి. కాని మీరు రెండో గ్లాసు కూడా పోస్తున్నారు కదండీ."

ఆయ్‌గారు ఒకసారి గిన్నెలోకి, ఒకసారి అప్ప చేతుల్లోకి చూశారు. "ఆయ్... అయితే మెల్లగా తిప్పితే కలవదన్నమాట, బాదాలి. సోమవారం పొడి తెప్పిస్తాను. ఇద్దరూ రండి."

అలా ఉద్యోగం నిలిచింది. ఈ కథ విన్నవాళ్లంతా నా నిజాయితీని మెచ్చుకుంటారు. నేనూ తలవంచి వింటాను. కాని గోడ గడియారం నా ఎదురుగానే ఉంది గనుక నాకు కచ్చితంగా తెలుసు: మొదటి గ్లాసు ఖాళీ కావడానికి నలభై సెకన్లు పట్టింది. ఆ నలభై సెకన్లూ, ముప్పై రెండేళ్ల ఆ నిజాయితీపరురాలు నోరు విప్పలేదు.