అందరు పైకొచ్చిండ్రా?

శ్రీరాంపూర్‌లో మా బాపుది బాయి పని. బాయి అంటే మాకు బొగ్గు గని, అవ్వ అంటే అమ్మ. షిఫ్టు అయి గడపలో కాలు పెట్టగానే అవ్వ చెంబెడు నీళ్లు అందిస్తూ ఒకే మాట అడిగేది: "అందరు పైకొచ్చిండ్రా?" "వచ్చినం" అని బాపు అన్నాకే అన్నం వడ్డించేది.

ఊపిరి ఆడక బాపు పని విడిచినప్పుడు ఆ కొలువు తమ్ముడికి రావాలి. అవ్వ అడ్డం పడింది. "బాయిల దిగుడు మీ బాపుతోనే బందు" అంది. ఇంటికొచ్చిన కొలువును కాలదన్నుకున్నారని చుట్టాలు తిట్టిపోశారు. తమ్ముడు మాత్రం ఎగిరి గంతేసి మంచిర్యాలలో ఒక చిన్న ఎఫ్ఎం రేడియోలో చేరాడు. అసలే వాగుడుకాయ, దానికి మైకు తోడైంది.

మొదటి షిఫ్టు విడిచే వేళకు వాడి ప్రోగ్రాం. రోజూ అవ్వ మాటతోనే మొదలుపెట్టేవాడు: "అందరు పైకొచ్చిండ్రా?" వంటింట్లో అవ్వ రేడియో వైపు తిరిగి "వచ్చిండ్రు బిడ్డా" అనేది. నేను నవ్వితే గరిటె చూపించేది.

బాపు పోయాక ఇంటికి వాడే దిక్కు. నిరుడు వానల్లో బండి మీద రేడియో స్టేషన్‌కు పోతూ లారీ కింద పడ్డాడు. బాయిలో కాదు, తారు రోడ్డు మీద. అవ్వ మళ్లీ రేడియో ముట్టలేదు.

నస్పూర్ కుర్రాళ్లు కొందరు గిటార్లు, డ్రమ్ములతో వాడి మీద రాక్ పాట కట్టారు. పాట ఎత్తుకోవడమే రేడియోలో వాడు అడిగిన ఆ మాటతో, వాడి గొంతుతోనే. ఆ రికార్డు వాడుకుంటామని ముందే వచ్చి అడిగితే, "తీస్కపోండ్రి, వాని పేరు నిలవడ్తది" అన్నది అవ్వే. అది అంతలా మోగుతుందని ఎవరికి తెలుసు! ఆటోల్లో, చాయ్ హోటళ్లలో, పెళ్లి బరాత్‌లలో అదే. టమాటలు బేరం చేస్తుంటే పోయిన తమ్ముడు వెనక నుంచి పలకరిస్తాడు. నేను గిర్రున వెనక్కి తిరుగుతాను, తర్వాత కోపం వస్తుంది. అవ్వ మాత్రం ఎక్కడున్నా ఆగి "వచ్చిండ్రు బిడ్డా" అంటుంది. ఆ పాట పెట్టిన ఆటో మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి, "వాడు వచ్చే యాళ్లయింది" అని వాడి కంచం కడిగి పెడుతుంది. ఈ పాట మా అవ్వ మతి తీసుకుపోతుందని భయం పట్టుకుంది నాకు.

మొన్న పక్కింటి పెళ్లి. సాయంత్రం బరాత్ ఊరేగుతూ మా గడప ముందుకు రాగానే ఆ పాటే పెట్టారు. అవ్వ చేయి పట్టి లోపలికి లాగాను. కదల్లేదు.

"అందరు పైకొచ్చిండ్రా?" అని తమ్ముడు అడిగాడు.

"వచ్చినం!" అని గల్లీ అంతా చేతులెత్తి అరిచింది. అందులో బాయి నుంచి అప్పుడే వచ్చినవాళ్లూ ఉన్నారు. అవ్వ పెదవులు కదిలాయి.

"రాలే బిడ్డా" అంది. "నువ్వొక్కనివే రాలే."

లోపలికి వచ్చి, తమ్ముడి కంచంలో తనకే అన్నం పెట్టుకుంది. ఎన్నాళ్లకో కడుపునిండా తిన్నది. నాకే ముద్ద దిగలేదు. బయట వాళ్లు పాటను మళ్లీ మొదటి నుంచి పెట్టారు.