గేటు దగ్గర పెట్టెలు లెక్కపెట్టిన రోజు

రైల్వే గేట్ల వీడియోలు తీసి పెట్టే ఒకబ్బాయి నిన్న గరివిడి వైపు మన పాత గేటును చూపించాడు. మీరంతా మురిసిపోయి నాకు పంపారు. నేను సగంలోనే ఆపేశాను.

అక్కడ గేటుమ్యాన్ మా నాన్నే కదా. బడి వదలగానే గూడ్సు పెట్టెల్ని మనం అరుస్తూ లెక్కపెట్టేవాళ్లం, గుర్తుందా?

ఒకరోజు మా మేనత్త, ఫిట్స్ వచ్చిన తన చంటిబిడ్డను ఆటోలో తెచ్చింది. గేటు అప్పుడే పడింది.

“అన్నియ్యా, గేటు తియ్యి! బిడ్డ ఎలగున్నాదో సూడు!”

“బండొచ్చేస్తన్నాదమ్మా. తియ్యకూడదు,” అన్నాడు నాన్న. పచ్చజెండా అందుకుని పట్టాల వైపు తిరిగాడు.

గూడ్సు వచ్చింది. నేను అలవాటుగా లెక్క మొదలుపెట్టాను. ముప్పై దాటాక అత్త నా వైపు తిరిగింది.

“నీకు ఆటగున్నాదేటే?”

బిడ్డ ఆసుపత్రి దాకా బతకలేదు.

అత్త మళ్లీ మా గడప తొక్కలేదు. తప్పంతా నాన్నదేనని నేనూ నెలల తరబడి ఆయనతో మాట్లాడలేదు. ఆరోజు గేటు తీసుంటే ఆటోలో ఉన్న అందరూ పోయేవారని పెద్దయ్యాక అర్థమైంది. ఆ మాట చెప్పేలోపే నాన్న పోయాడు. చావుకి కూడా రాని అత్తకు వెళ్లి చెప్పాను.

“నాకు తెల్దేటే?” అంది. “అయినా ఆడు నాకు గేటుమ్యాన్ కాదు, అన్నియ్య గదే.”