గోడెక్కిన ఇల్లు

గోడౌనులో సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరైన మా పెదనాన్న, ఇంటిపట్టున ఉండటం మొదలుపెట్టగానే ఇల్లంతా చిందరవందరగా ఉందని తేల్చేశాడు. "నేలమీద ఇన్ని వస్తువులుంటే చీపురు ఎలా ఆడుతుందే? అన్నీ గోడకెక్కాలి" అని పెద్దమ్మకు పాఠం చెప్పాడు. ఆయన చీపురు చేత్తో పట్టుకున్న పాపాన ఏనాడూ పోలేదు.

మేకులు దిగాయి. బకెట్లు, చాపలు, జల్లెడలు, ఇస్త్రీపెట్టె, ఆఖరికి మడత కుర్చీలు కూడా గోడకెక్కాయి. వాటిని అందుకోవాలంటే స్టూలు కావాలి. ఆ స్టూలు అన్నిటికంటే పైన వేలాడుతోంది. పెద్దమ్మ పల్లెత్తు మాట అనకుండా పక్కింటి స్టూలు అరువు తెచ్చుకుంది.

ఒకరోజు ఆమె తమ్ముడు వచ్చాడు. "కుర్చీ తీసుకుని కూర్చోవోయ్" అన్నాడు పెదనాన్న దర్జాగా. అతను మునివేళ్ళ మీద లేచి గోడమీది కుర్చీ లాగేసరికి పక్కనున్న బకెట్టు, దాని వెనకే జల్లెడలు నెత్తిమీద పడ్డాయి.

"బావా, కూర్చోమన్నావా, కొట్టడానికి పిలిచావా?" అంటూ అతను బొప్పి తడుముకున్నాడు.

అప్పుడు పెద్దమ్మ నోరు విప్పింది. "ఊడ్చేది నేను. నన్నొక్క మాటైనా అడిగారా? నా చీపురుకి అడ్డం బకెట్లు కాదండీ, మీరు! హాలు మధ్యలో పడక్కుర్చీ వేసుకుని, చుట్టూ పేపర్లు పరుచుకుని, కాళ్ళు ఎత్తమన్నా ఎత్తరు."

ఆయన ముఖం మాడిపోయింది. మర్నాటి నుంచి ఆమె చీపురు తీయగానే పేపర్లు చంకలో పెట్టుకుని వసారాలోకి వెళ్ళిపోతున్నాడు. వస్తువులన్నీ దిగొచ్చి చేతికందే అరల్లో చేరాయి. ఊడవడం ఇప్పుడు చిటికెలో అయిపోతోంది.

ఇల్లు ఎంత బాగుందోనని ఎవరైనా మెచ్చుకుంటే, పెదనాన్న ఖాళీ మేకులు చూపించి, "అంతా వీటి చలవే" అంటాడు.